దేనికి బదులు ఈ చాయ్?

టీ మీద రాసే వ్యాసాలు చాలావరకు షెన్‌నాంగ్ చక్రవర్తి మరుగునీళ్లలో రాలిపడిన ఆకుతో మొదలవుతాయి, గ్రీన్ టీ లాభాల పట్టికతో ముగుస్తాయి. ఆ పట్టికలో టీ ఉంటుంది గాని తాగే మనిషి ఉండడు. ఏ పూట తాగాడో, తిన్నాక తాగాడో, తినడం మాని తాగాడో ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, నారాయణగూడ చౌరస్తా, కాలినడకన చుట్టి రాగల ఈ మూడు పేటల్లో మాత్రం ఆ ప్రశ్న అడగక తప్పదు. గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదివే వేలమంది హాస్టళ్లలో పడుకుని, రాత్రింబవళ్లు తెరిచి ఉండే స్టడీ హాళ్లలో కూర్చునే చోటిది. తిండికీ చదువుకూ నిద్రకూ మధ్య మిగిలే ఖాళీలను వాళ్లు చాయ్‌తోనే పూడ్చుకుంటారు.

కింద మాట్లాడే ఇద్దరూ కల్పితులు. మాధవరావు గారు బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరరు. చిక్కడపల్లిలో పాతకాపు, ఇంట్లో ఫిల్టర్ కాఫీ తప్ప మరొకటి ఎరగరు. శ్రీలత పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి చదువుతోంది, రోజుకు ఐదు చాయ్‌లు తాగుతుంది. టీ ఒంటికి మంచిదా కాదా అన్నది తగాదా. నేను తటస్థుణ్ణని చెప్పుకోను. అవసరమైన చోట జోక్యం చేసుకుంటాను.

మాధవరావు: టీ మంచిదన్న మాటతో నాకు పేచీ లేదమ్మా, ఏ టీ అన్న దగ్గరే పేచీ. చెట్టు ఒక్కటే, కమీలియా సైనెన్సిస్. అందులో చలికి ఓర్చుకునే చిన్నాకు చైనా రకం ఒకటి, వానా ఉక్కా కోరుకునే పెద్దాకు అస్సాం రకం ఇంకొకటి. తెల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అనేవి కోసిన ఆకును ఏం చేశారన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లు. కోసిన వెంటనే ఆవిరి పట్టించినా, బాణలిలో వేయించినా ఆకులోని ఎంజైము చచ్చి పచ్చదనం నిలుస్తుంది, అది గ్రీన్ టీ. వాడబెట్టి, నలిపి, గాలి తగలనిస్తే అదే ఎంజైము ఆకులోని క్యాటెకిన్లనే పాలీఫెనాల్స్‌ను థియాఫ్లావిన్లుగా, థియారుబిజిన్లుగా మార్చి ఎరుపూ వగరూ తెస్తుంది, అది బ్లాక్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. మందార టీ, తులసి టీ, చామంతి టీ అని అమ్మేవాటిలో ఈ ఆకే ఉండదు. అవి కషాయాలు, వాటి సంగతి వదిలేద్దాం. మరి మన బండి మీద మరిగేదేమిటి? 1930 ప్రాంతంలో అస్సాం తోటల్లో విలియం మెక్‌కెర్చర్ కనిపెట్టిన యంత్రంలో నలిగి, చిరిగి, చుట్టుకుపోయిన సీటీసీ పొడి. దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం అదే. అందులోనూ మన దక్షిణాదివాళ్లు ఇష్టపడేది మరీ సన్నటి డస్టు. చిటికెడు వేస్తే చాలు, రెండు నిమిషాల్లో నల్లగా దిగుతుంది. ఆ వగరు చంపడానికి పాలు, చిక్కటి పాలకు తగ్గట్టు చక్కెర. జపాన్‌లో పాలూ చక్కెరా ఎరగని గ్రీన్ టీ తాగినవాళ్ల మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఈ కప్పు ఖాతాలో వేస్తామంటే ఎలా ఒప్పుకోను?

శ్రీలత: ఆ జపాన్ అధ్యయనం నేనూ చదివాను సార్. ఒసాకీలో 40,530 మందిని పదకొండేళ్ల దాకా గమనించి 2006లో ప్రచురించారు. రోజుకు ఐదు కప్పులు, ఆపైన తాగినవాళ్లలో మరణాలు ఒక్క కప్పైనా తాగనివాళ్లకన్నా 16 శాతం తక్కువ. సరే, అది పచ్చాకు, మనది కాదు. కానీ మీరు రెండోదాన్ని వదిలేశారు. బ్రిటన్ వాళ్లు తాగేది మనలాగే బ్లాక్ టీ, పాలు పోసుకునే తాగుతారు. అక్కడ యూకే బయోబ్యాంకులో దాదాపు 4,98,000 మందిని పదకొండేళ్ల పైచిలుకు గమనించి 2022లో లెక్క తేల్చారు. రెండు కప్పులు, అంతకు మించి తాగేవాళ్లలో మరణ ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువ. పాలు పోసుకున్నా, చక్కెర వేసుకున్నా ఆ తేడా చెరగలేదు. పాలలోని కేసీన్ టీ గుణాన్ని కట్టేస్తుందని మీలాంటివాళ్లు చూపించేది 2007 నాటి బెర్లిన్ ప్రయోగం. అందులో ఉన్నది పదహారు మంది ఆడవాళ్లు. పాలు కలిపినా క్యాటెకిన్లు రక్తంలోకి చేరడం ఆగదని అంతకుముందే వేరేవాళ్లు చూపించారు. పదహారు మంది మాట పట్టుకుని ఐదు లక్షల మందిని తోసేస్తారా?

మాధవరావు: తోసెయ్యను. వాళ్లను కాస్త దగ్గరగా చూడమంటాను. గమనించడం వేరు, పరీక్షించడం వేరు. టీ తాగే మనిషీ తాగని మనిషీ మిగతా అన్నిట్లో సమానంగా ఉండరు. పరిశోధకులు లెక్కల్లో ఎంత సర్దినా కొంత తేడా మిగులుతుంది. అది పక్కన పెట్టినా, నన్ను వేధించే ప్రశ్న ఇంకొకటుంది. ఆ రెండు మగ్గులు తాగని ఇంగ్లీషువాడు వాటి బదులు ఏం తాగుతున్నాడు? కూల్‌డ్రింకు తాగుతుంటే టీ తాగేవాడు గెలిచాడు. బీరు తాగుతుంటే ఇంకా గెలిచాడు. మంచినీళ్లే తాగుతుంటే ఆ గెలుపు మిగులుతుందో లేదో! వాడి టీ పెద్ద మగ్గు నిండా నీళ్లు, పైన ఒక చుక్క పాలు. పొద్దున రొట్టె, గుడ్డు తిన్నాక వాటి పక్కన తాగుతాడు. అశోక్‌నగర్‌లో పొద్దున తొమ్మిదింటికి తాగే చాయ్ పక్కన ఏముందో నీకు తెలుసు. కాబట్టి ఆకులో ఏముందన్నది ఎంత వెతికినా మనకు జవాబు దొరకదు. ఆ కప్పు దేని చోట్లోకి వచ్చి కూర్చుందో వెతకాలి.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి, ఎందుకంటే వాదన మలుపు తిరిగిందిక్కడే. మాధవరావు గారు ఈ మాటను తన పక్షానికి బలంగా అనుకుని తెచ్చారు. నిజానికిది రెండువైపులా పదునున్న కత్తి, ఏ పానీయాన్నైనా తూచడానికి నాకు తెలిసిన సరైన తూకం కూడా ఇదే. యాంటీ ఆక్సిడెంట్లు అన్న మాట చుట్టూ అల్లిన వ్యాపారమంతా ఈ ప్రశ్నను దాటవేయడం మీదే నిలబడింది. ఆకుకు అంత మహిమే ఉంటే, దాని సారాన్ని గుళికలో పెట్టి మింగితే ఇంకా మేలు జరగాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది దీనికి తలకిందులు. గ్రీన్ టీ సారం గుళికల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ అనే క్యాటెకిన్ లోపలికి పోతే కాలేయానికి దెబ్బ తగిలే సూచనలు రక్తంలో కనిపిస్తాయని హెచ్చరించింది. కప్పులో నిరపాయంగా ఉన్నదే గుళికలో అలా లేదు. శ్రీలత ఈ తూకాన్ని వద్దనలేదు, చేతిలోకి తీసుకుంది.

శ్రీలత: మీ కొలత నాకు సమ్మతమే సార్. అయితే మొదటినుంచీ కొలుద్దాం. టీ అన్నిటికన్నా ముందు వచ్చి కూర్చున్నది చెడ్డ నీళ్ల చోట్లో. టీని గట్టిగా వ్యతిరేకించిన గాంధీజీ కూడా 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో రాసిన ఆరోగ్య పుస్తకంలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. నీళ్లు సరిగా మరిగితే గాని ఆకు రంగు దిగదు కనుక చైనాలో టీ రంగే నీళ్లు మరిగాయనడానికి గుర్తైందని ఆయన వివరణ. మనకు అవసరం లేదన్నది ఆ తర్వాతి మాట. ఇంగ్లండులో 1784లో టీ మీద పన్నును 119 శాతం నుంచి పన్నెండున్నర శాతానికి దించారు, టీ పేదవాడి ఇంటికి చేరింది. ఫ్రాన్సిస్కా ఆంట్‌మన్ అనే ఆర్థికవేత్త ఆ కాలపు చర్చి రికార్డుల్లో నాలుగు వందలకు పైగా ఊళ్ల మరణాలు తీసి చూస్తే, నీళ్లు బాగాలేని ఊళ్లలోనే చావులు ఎక్కువగా తగ్గాయి. నీళ్లను మరిగించాలని డాక్టర్లు ఇంకా పెద్దగా చెప్పని రోజులవి. అక్కడ ఆకు మందు కాదని మీరే అంటారు, నేనూ అంటాను. నీళ్లు మరిగించడానికి ఒక సాకు దొరికింది, ఆ సాకే బతికించింది. ఇక పాలూ చక్కెరా కలిపి టీని పాడుచేశామన్నారు. ఆకు పుట్టిన చోటా, దాని చుట్టుపక్కలా అడగండి. బర్మాలో ఆకును ఊరబెట్టి లపెట్ అని కూరలా తింటారు. టిబెట్‌లో వెన్న, ఉప్పు వేసి చిలికి పిండితో కలుపుకుంటారు. అస్సాంలో 1823లో రాబర్ట్ బ్రూస్ ఈ చెట్టును 'కనుక్కున్నాడు' అని పుస్తకాల్లో రాస్తారు గాని, దాన్ని ఆయనకు చూపించింది అప్పటికే తాగుతున్న సింగ్‌ఫోలు. ఏమీ కలపని టీ ఒక మర్యాద. తిండితో కలిసిన టీ అంతకన్నా కొత్తదేమీ కాదు.

మాధవరావు: లపెట్ సంగతి బాగా పట్టావు, కాదనను. కానీ నీ చరిత్రలో నిద్రను వదిలేశావు. హాన్ చక్రవర్తి జింగ్ సమాధిలో దొరికిన మొగ్గలు టీవేనని 2016లో తేల్చారు. అంటే రెండు వేల నూట యాభై ఏళ్ల కిందటి మాట. దాన్ని రాజు మోజు అనుకుందాం. ఆ తర్వాత టీని ఊరూరా మోసింది బౌద్ధ సన్యాసులు. వాళ్లకెందుకు కావాల్సి వచ్చింది? రాత్రి ధ్యానంలో కునుకు రాకుండా, మధ్యాహ్నం దాటాక తినకూడదన్న నియమంలో కడుపు మాడకుండా. లు యూ ఎనిమిదో శతాబ్దంలో టీ మీద తొలి గ్రంథం రాసిందీ మఠంలో పెరిగిన తర్వాతే. జపాన్‌కు గింజలు తెచ్చిన ఐసాయ్ జెన్ గురువు, 1211లో ఆయన రాసిన పుస్తకం టీని ఆయుష్షు పెంచే మందంటుంది. ఇవాళ్టి అట్టపెట్టె మీది అచ్చు అక్కడ మొదలైంది. మన దేశానికి వద్దాం. 1903లో ఎగుమతయ్యే టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ఇక్కడి జనానికి టీ అలవాటు చేసే పని మొదలెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రచారం మిల్లులకూ గనులకూ పాకింది. కార్మికులకు టీ విరామం ఇస్తే పని పెరుగుతుందని యజమానులకు నచ్చజెప్పారు. రైల్వే స్టేషన్లలో చిన్న వ్యాపారులకు కెటిల్సూ పొట్లాలూ ఇచ్చారు. వాళ్లు ఆకు తక్కువ వేసి పాలూ చక్కెరా మసాలా ఎక్కువ పోస్తుంటే ఆ ప్రచారకులే తలపట్టుకున్నారు. 1930ల మాంద్యంలో సరుకు అమ్ముడుపోక ఆ హడావిడి రెట్టించింది. అప్పటిదాకా మన కూలివాడి కడుపులో ఆ పూట ఉన్నదేమిటి? అంబలి, మజ్జిగ, రాత్రి నానేసిన చద్ది. వాటి చోట్లోకి వచ్చింది టీ. మఠంలోనూ మిల్లులోనూ దాని పని ఒక్కటే, నిద్రనూ ఆకలినీ ఇంకాసేపు ఆగమనడం. ఇప్పుడు అశోక్‌నగర్ స్టడీ హాల్లోనూ అదే. నీళ్లు మరిగించే సాకంటావా? పైపు నీళ్లొచ్చిన పట్నంలో ఆ సాకు చెల్లదు. ఉస్మాన్‌సాగర్ జలాశయాన్ని 1920కే కట్టారు.

శ్రీలత: ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఇచ్చింది, కూర్చునే చోటు ఇవ్వలేదు. అది ఇచ్చింది ఇరానీ హోటల్. ఇరానీలు బొంబాయి, పుణె మీదుగా ఈ ఊరొచ్చింది పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. వాళ్ల దేశంలో టీలో పాలు పోయరు, చక్కెర బిళ్ల పంటి కింద పెట్టుకుని తాగుతారు. అసలు ఇరాన్ గడ్డ మీద టీ తోటే మన దయ. ఇక్కడ కాన్సల్‌గా పనిచేసిన కాషెఫ్ అల్ సల్తానే 1900 ప్రాంతంలో కాంగ్డా నుంచి మొక్కలు తీసుకుపోయి లాహిజాన్‌లో నాటాడు. ఆ దేశంవాళ్లు ఇక్కడికొచ్చి మన పాలకు తలొగ్గారు. డికాక్షన్ ఒక గిన్నెలో మూతి కట్టి మగ్గబెట్టడం, పాలు ఇంకో గిన్నెలో గంటలకొద్దీ మరిగించి చిక్కబరచడం, కప్పులో రెంటినీ కలపడం ఇక్కడ పుట్టిన పద్ధతి. ఉస్మానియా బిస్కెట్టుతో, ఒక్క చాయ్ వన్ బై టూ చేసుకుని, గంటసేపు కూర్చున్నా లేవమనకపోవడం కూడా దానిలో భాగమే. సుదర్శన్ థియేటర్ దగ్గర ఆట విడిచాక, త్యాగరాయ గానసభలో కచేరీ అయ్యాక జనం చేరేది ఏ బల్ల చుట్టూనో చూడండి. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం, సెల్‌ఫోన్‌లో తప్ప మాట్లాడుకోం. సాయంత్రం ఆరింటి చాయ్ దేని చోట్లోకి వచ్చిందంటే, ఒంటరిగా గోడను చూస్తూ కూర్చునే గంట చోట్లోకి. దీన్ని మిల్లీగ్రాముల్లో ఎలా కొలుస్తారు?

మాధవరావు: కొలవను. ఆ ఆరింటి చాయ్ నీకు వదిలేస్తున్నాను, దాని మీద నాకు ఏ కేసూ లేదు. అయితే ఇరాన్ పేరు ఎత్తావు కనుక ఒక్కటి. ఆ దేశం ఉత్తరాన గోలెస్తాన్‌లో యాభై వేల మందిని ఏళ్లతరబడి గమనించి 2019లో ఒక లెక్క వేశారు. 60 డిగ్రీలు, ఆపైన వేడి మీద రోజుకు 700 మిల్లీలీటర్లు, అంతకుమించి టీ తాగేవాళ్లకు, తక్కువ టీని తక్కువ వేడి మీద తాగేవాళ్లకన్నా అన్నవాహిక క్యాన్సర్ ముప్పు 90 శాతం ఎక్కువ. 65 డిగ్రీలు దాటిన ఏ పానీయమైనా బహుశా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లోనే చెప్పింది. టీ తప్పు కాదది, తొందర తప్పు. బండి దగ్గర నిలబడి పొగలు కక్కే చాయ్‌ని మూడు గుక్కల్లో ఖాళీ చేసేవాళ్లకు చెప్పాల్సిన మాట.

శ్రీలత: మీరే నా ఇరానీ హోటల్‌ని గెలిపించారు సార్! మందపాటి పింగాణీ కప్పు, దానికింద సాసరు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే పెద్దాయనను చూసి మా వయసువాళ్లు నవ్వుతారు గాని, గోలెస్తాన్ లెక్కకు ఆయనే సరైన జవాబు. కాగితం కప్పు వచ్చి ఆ సాసరును తరిమేసింది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం కాగితం కప్పులో పావుగంట ఉంటే లోపలి ప్లాస్టిక్ పొర నుంచి దాదాపు 25,000 సూక్ష్మ రేణువులు అందులో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు 2020లో చెప్పారు. బదులు లెక్క అంటే ఇదీ రాసుకోవాలి మరి.

మాధవరావు: రాసుకున్నాను. ఇక నా అసలు కేసు విను. సాయంత్రం చాయ్ కాదు, అన్నం తిన్న వెంటనే తాగే చాయ్. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొంచెం ఎక్కువ, 58.8. మెస్సు భోజనంలో ఇనుము వచ్చేది పప్పు నుంచీ ఆకుకూర నుంచీ. మాంసంలో ఉన్న ఇనుములా అది తేలిగ్గా ఒంటికి పట్టదు. అలాంటి భోజనంతోపాటు టీ పడితే అందులోని పాలీఫెనాల్స్ ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయి. అందరూ గొప్ప చెప్పే ఆ యాంటీ ఆక్సిడెంట్లే ఇవీ. 1999లో వచ్చిన ఒక ప్రయోగంలో రొట్టెతోపాటు ఇచ్చిన బ్లాక్ టీ ఇనుము గ్రహణాన్ని 79 నుంచి 94 శాతం దాకా తగ్గించింది. పాలు కలిపితే తప్పించుకోవచ్చా అంటే, కలిపినా పెద్ద తేడా రాలేదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు వద్దంది. ఆ సంస్థ 1918లో మొదలైంది కూనూరులో, టీ తోటల నడుమ. 1958లో ఇక్కడికి వచ్చింది. టీ మీద పగ పెట్టుకున్నవాళ్లు చెప్పిన మాట కాదిది. ఇక్కడ చాయ్ నీ ఒంట్లో రావాల్సిన రక్తం చోట్లోకి వచ్చి కూర్చుంది, నీకు తెలియకుండానే.

శ్రీలత: గంట ఎడమిస్తే నష్టం తగ్గుతుందని కూడా తేలింది కదా. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుందని మీరే ఎక్కడో చెప్పి ఉంటారు. ఈ ఒక్కటి మాత్రం మీరు నెగ్గారు. మధ్యాహ్నం చాయ్ నాలుగింటికి జరుపుతాను, దానికి నాకేం నొప్పి లేదు. కానీ దీనిలో టీ దోషమెంత? అరవై శాతానికి దగ్గరగా ఉన్న రక్తహీనత టీ వల్ల వచ్చింది కాదు. కంచంలో ఇనుము లేకపోతే గంట ఎడమిచ్చినా పట్టేదేముంటుంది?

మాధవరావు: ఏమీ ఉండదు. అందుకే కంచాన్ని ముందు అడగమంటాను. ఇక చక్కెర. ఐదు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాలు, అంటే నలభై గ్రాములకు తక్కువ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పేది రోజు మొత్తానికి పాతిక. ఇంట్లో అయితే తగ్గించుకుంటావు, ఇరానీ హోటల్లో డికాక్షన్‌లో చక్కెర ముందే కలిపేస్తారు, తగ్గించమని అడిగే వీలే లేదు. ఇక దాని పక్కన పాల లెక్క చెప్పనా? చిన్న కప్పులో యాభై మిల్లీలీటర్ల పాలు పడ్డాయనుకో, ప్రొటీన్ గ్రామున్నర, కాల్షియం అరవై మిల్లీగ్రాములు. పొద్దుటి టిఫిన్ బదులు తాగావనుకో, నాలుగు ఇడ్లీలు ఇచ్చి గ్రామున్నర ప్రొటీన్ కొనుక్కున్నట్టు.

శ్రీలత: ఆ ఇడ్లీలు ఎనిమిదిన్నరకు వస్తాయి సార్. లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే అంతకుముందే పోవాలి. ఇడ్లీ మాని చాయ్ తాగడం నష్టమన్నదాకా మీ మాట ఒప్పుకుంటాను. కానీ చాయ్ లేకపోతే ఆ పూట ఇడ్లీ తింటానని మీరు అనుకుంటున్నారు, అదే పొరపాటు. చాయ్ లేకపోతే ఏమీ ఉండదు. సున్నా పక్కన గ్రామున్నర పెద్దదే. మీ తూకంలో రెండో తట్టలో ఎప్పుడూ మంచి తిండినే పెడుతున్నారు, మా బతుకులో ఆ తట్ట చాలాసార్లు ఖాళీ.

శ్రీలత మాటలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా దాటలేం. బదులు ఏమిటన్న ప్రశ్న వేసేటప్పుడు మనకు కావలసిన బదులును కాకుండా, ఆ మనిషికి నిజంగా అందుబాటులో ఉన్న బదులును లెక్కలోకి తీసుకోవాలి. పోషకాహారం మీద రాసేవాళ్లు తరచు తప్పేది ఇక్కడే. గ్రీన్ టీ తాగండి అనేవాళ్లూ, అసలు టీ మానండి అనేవాళ్లూ ఇద్దరూ వంటగది, ఫ్రిజ్జు, తీరిక ఉన్న మనిషినే ఊహించుకుంటారు. అయినా మాధవరావు గారి వాదన దీనితో పడిపోదు. ఖాళీ తట్టలో గుప్పెడు వేయించిన పల్లీలో, ఒక అరటిపండో పెట్టడం చాయ్ బండి దగ్గర అసాధ్యం కాదు, చాయ్ ఖర్చును మించదు కూడా. అప్పుడు చాయ్ తిండి బదులు నిలబడక దాని పక్కకు జరుగుతుంది. ఇద్దరికీ ఇది చెప్పి చూస్తే శ్రీలత పల్లీలకు ఒప్పుకుంది. మాధవరావు గారు మిగిలిన చివరి కప్పు మీదికి వెళ్లారు.

మాధవరావు: రాత్రి పదకొండింటి చాయ్ సంగతి చెప్పు. చిన్న కప్పు టీలో కెఫీన్ 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. రోజుకు 300 దాటవద్దన్నారు. ఐదు కప్పులకు నువ్వు ఆ గీతకు అటూ ఇటూగానే ఉన్నావు, సరే. కానీ మొత్తం కన్నా వేళ ముఖ్యం. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక ప్రయోగం చూపించింది. నువ్వు అంత తీసుకోవు, నిజమే, కానీ ఆరు గంటల ముందు కాదు కదా నువ్వు తాగేది, గంట ముందు. పగలు చదివింది రాత్రి నిద్రలోనే మెదడులో స్థిరపడుతుంది. నిద్ర బదులు చాయ్ పెట్టి చదివే చదువులో కొంత నిలవకుండా ఎగిరిపోతుంది.

శ్రీలత: ఆకులో థియానిన్ కూడా ఉంది, కాఫీలా గుండె దడ పుట్టించదు, మనసును కుదురుగా ఉంచుతుంది అని వాదించవచ్చు. వాదించను, ఎందుకంటే పొడిలో అది కప్పుకు ఎంత దిగుతుందో నాకూ తెలుసు. నేను అడిగేది వేరు. మఠంలో సన్యాసి నిద్ర ఆపుకోవడం అతని వ్రతం. మిల్లులో కార్మికుడి నిద్రను టీ మింగిందన్నారు, అక్కడ మీరు టీ పొడిని తిట్టలేదు, యజమానిని చూపించారు. మా దగ్గరికొచ్చేసరికి మాత్రం కప్పు దగ్గరే ఆగిపోయారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న రాశాం. పేపరు లీకైందని రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశాం. హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. 2024 జూన్ 9న మూడోసారి రాశాం. ఒకే సిలబస్‌ను మూడుసార్లు మొదటినుంచి చదివినవాళ్లు ఈ వీధిలో ఎంతమందో! పదకొండింటి చాయ్ నిద్ర చోట్లోకి వచ్చిందని మీరంటే కాదనను. ఆ చోటు ఖాళీ చేయించింది ఎవరో కూడా మీ లెక్కలో రాయండి.

మాధవరావు: రాస్తానమ్మా, ఆ పేరు టీ ఖాతాలో వేయను. కానీ పరీక్ష ఎన్నిసార్లు రద్దయినా కెఫీన్ సగానికి తగ్గడానికి ఒంట్లో సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగింది తెల్లవారుజామున నాలుగింటికి ఇంకా సగం నీలోనే ఉంటుంది.